జెద్దా నుంచి ఇంటికి ఎన్ని గంటలు?



హైదరాబాద్ నుంచి జెద్దాకు ఆకాశంలో నేరుగా గీత గీస్తే సుమారు 4,100 కిలోమీటర్లు. డైరెక్ట్ ఫ్లయిట్ ఎక్కితే ఐదున్నర నుంచి ఆరు గంటలు. మన ఇళ్లలో ఈ హిసాబ్ చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. "జెద్దా ఎంత దూరం లే భాయ్, పొద్దున నాష్తా ఇక్కడ, మధ్యాహ్నం ఖానా అక్కడ" అంటుంటారు. కర్నూలు నుంచి విశాఖపట్నానికి రైల్లో పోవడం కంటే జెద్దా పోవడమే తొందరగా అవుతుందని నవ్వుకుంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

కానీ ఈ "ఐదున్నర గంటలు" అనే మాటను నమ్ముకుని మన ఖాందాన్‌లు ఒక పెద్ద ఫైసలా చేస్తున్నాయి. ఇంట్లో అబ్బానో అమ్మీనో ఇంతెఖాల్ అవుతారు. కొడుకు జెద్దాలో ఉంటాడు. "ఐదు గంటల ఫ్లయిటేగా, వచ్చేస్తాడు, ఆగుదాం" అని ఎవరో ఒకరంటారు. అంతే, మయ్యత్ ఆగిపోతుంది. ఖబరస్తాన్‌లో తవ్వేవాళ్లను ఆపేస్తారు, మస్జిద్‌లో ఎలాన్ ఆపేస్తారు. ఆ ఆగడం సరికాదని, విమానం ఎక్కాల్సిన వేళ అది కాదని నా రాయ్. ఎందుకో లెక్కతో సహా చెబుతాను.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. రియాజీ పీరియడ్‌లో మా ఉస్తాద్ సాబ్ బోర్డు మీద రాయించేవారు: ఫాసలాని రఫ్తార్‌తో తక్సీమ్ చెయ్యి, వఖ్త్ వస్తుంది. తర్వాత తెలుగులో డిగ్రీ చదివాను కానీ దూరం, వేగం, కాలం అన్న మాటలు విన్నప్పుడల్లా నా చెవిలో ఆ ఉర్దూ సూత్రమే మోగుతుంది. ఆ సూత్రం ప్రకారం గంటకు 850 కిలోమీటర్ల రఫ్తార్‌తో ఎగిరే విమానానికి 4,100 కిలోమీటర్లంటే ఐదు గంటలు కూడా పట్టకూడదు. మరి ఐదున్నర, ఆరు ఎందుకవుతోంది? పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ. గీత గీసినట్టు నేరుగా ఎగరనివ్వరు, ఆకాశంలోనూ రోడ్లున్నాయి. పైన గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంటుంది, చలికాలంలో మరీ జోరుగా. అందుకే పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. తిరుగు సఫర్ ఐదు, ఐదుంపావు గంటల్లో ముగుస్తుంది.

దీనికి తోడు గడియారం ఇంకో ఆట ఆడుతుంది. సౌదీ టైమ్ మనకంటే రెండున్నర గంటలు వెనక. శంషాబాద్‌లో పొద్దున పది గంటలకు ఎగిరితే జెద్దా గడియారంలో ఒంటిగంటకు దిగుతాం. మూడు గంటల్లో వచ్చేశామనిపిస్తుంది. అదే జెద్దాలో రాత్రి ఎనిమిదికి ఎక్కితే శంషాబాద్‌లో దిగేసరికి తెల్లవారుజాము మూడుమ్ముప్పావు. గడియారంలో ఏడుమ్ముప్పావు గంటలు కరిగిపోతాయి. రోజాతో ప్రయాణం చేసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పోయేటప్పుడు సూరజ్ కూడా మనతో పాటే పడమటికి నడుస్తుంటాడు, ఇఫ్తార్ దగ్గరికొచ్చినట్టే ఉండి దూరం జరుగుతుంటుంది.

ఇక కనెక్టింగ్ ఫ్లయిట్ మాట. దుబాయ్ మీదుగా వస్తే జెద్దా నుంచి దుబాయ్ సుమారు 1,700 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి హైదరాబాద్ సుమారు 2,550. మొత్తం 4,250. అంటే డైరెక్ట్ దారి కంటే 150 కిలోమీటర్లే ఎక్కువ, కర్నూలు నుంచి అనంతపురం పోయినంత. ఫాసలా అంతే, కానీ వఖ్త్ అంతే కాదు. రెండుసార్లు ఎక్కడం, రెండుసార్లు దిగడం, మధ్యలో మూడు గంటలో ఎనిమిది గంటలో ఎయిర్‌పోర్ట్ కుర్చీలో కూర్చోవడం. మొదటి విమానం అరగంట ఆలస్యమైతే రెండోది తప్పిపోవచ్చు కూడా. కాబట్టి కిలోమీటర్లను చూసి గంటలను చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. మనిషి రన్‌వే నుంచి రన్‌వేకి రాడు, ఇంటి నుంచి ఇంటికి వస్తాడు. కర్నూలులో ఒక అబ్బా ఫజర్ తర్వాత ఆరు గంటలకు ఇంతెఖాల్ అయ్యారనుకుందాం. జెద్దాలో అప్పుడు తెల్లవారుజాము మూడున్నర. కొడుకు ఫోన్ ఎత్తుతాడు, కూలబడతాడు, లేస్తాడు. ముందు ఎగ్జిట్ రీఎంట్రీ కావాలి. 2021 మార్చి నుంచి సౌదీలో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లు చాలామంది కఫీల్ ఇజాజత్ లేకుండా తామే ఫోన్‌లో అబ్షర్ ద్వారా తీసుకోవచ్చు. కానీ ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, ఇంటి డ్రైవర్లు, తోటల్లో, గొర్రెల దగ్గర ఉండేవాళ్లు ఆ మార్పు బయటే ఉండిపోయారు. వాళ్లకు కఫీల్ నిద్ర లేవాలి, మనసు కరగాలి. మన జిల్లాల నుంచి పోయినవాళ్లలో ఎందరు ఏ పనుల్లో ఉన్నారో నేను చెప్పక్కర్లేదు.

తర్వాత టికెట్. డైరెక్ట్ ఫ్లయిట్ ఆర్టీసీ బస్సు కాదు, గంటకొకటి ఉండదు. నసీబ్ బాగుండి ఆ రాత్రి ఎనిమిది గంటల ఫ్లయిట్‌లోనే సీటు దొరికిందనుకుందాం. మూడు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి కాబట్టి సాయంత్రం నాలుగుకే గది వదలాలి. శంషాబాద్‌లో మూడుమ్ముప్పావుకు దిగితే ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి నాలుగూ ముప్పావు. అక్కడి నుంచి కర్నూలు దాదాపు 190 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. ఇంటి గుమ్మంలో కాలు పెట్టేసరికి పొద్దున ఎనిమిదింపావు. ఆరు గంటలకు పోయిన మనిషి దగ్గరికి కొడుకు చేరడానికి మొత్తం 26 గంటలు. అదీ కాగితం, టికెట్, విమానం, రోడ్డు అన్నీ కలిసొస్తే. ఆ 26 గంటల్లో ఫ్లయిట్ వాటా ఐదో వంతు మాత్రమే. కొడుకు జెద్దాలో కాకుండా తబూక్‌లోనో అబహాలోనో ఉంటే ఇంకో పూట కలుపుకోండి. ఇల్లు కర్నూలు కాక కడప అయితే రోడ్డు మీద ఇంకో మూడు గంటలైనా కలుపుకోండి.

బెంగళూరులో ఉన్న కొడుకు కారెక్కితే ఐదారు గంటల్లో కర్నూలు వచ్చేస్తాడు. అతని కోసం అసర్ దాకా ఆగడం వేరు. బెంగళూరు ఐదు గంటలు నిజంగానే ఐదు గంటలు. జెద్దా ఐదు గంటలు మాత్రం ఒక పగలు, ఒక రాత్రి. రెంటినీ ఒకే నోటితో "ఐదు గంటలేగా" అనడంలోనే మన ధోకా ఉంది.

ఈ ఆగడం ఎలా ఉంటుందో చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మా మొహల్లాలో ఒక పెద్దాయన మే నెలలో పోయారు. కొడుకు బయల్దేరాడన్న ఖబర్ రాగానే ఫ్రీజర్ బాక్స్ తెప్పించారు. వరండాలో బాక్స్, పక్కన జనరేటర్, ఎందుకంటే కరెంటు పోతే ఎలా అన్న ఫిక్ర్. గుసుల్ ఇప్పుడివ్వాలా, కొడుకు వచ్చాకా అన్నది ఫోన్ మీద తేలక అటూ ఇటూ నాలుగుసార్లు మాట్లాడారు. లోపల ఖాలా ఇద్దత్ మొదటి రోజున, ఆ జనరేటర్ శబ్దం మధ్య కూర్చుని ఉన్నారు. ఖురాన్ చదివే ఆడవాళ్లు చదివి చదివి అలసిపోయారు. దూరం నుంచి వచ్చిన చుట్టాలు వాకిట్లో కుర్చీలేసుకుని, కొంతసేపయ్యాక మామూలు మాటల్లో పడ్డారు. రాత్రయ్యేసరికి ఎవరో సెల్‌ఫోన్‌లో విమానం ఎక్కడుందో చూసి చెబుతున్నారు, క్రికెట్ స్కోరు చెప్పినట్టు. మధ్యలో ఫ్లయిట్ మారాల్సిన చోట ఆలస్యమైంది. దఫన్ అయ్యేసరికి 33 గంటలు.

ఆ కొడుకు మంచివాడు, నమాజీ, పదకొండేళ్లుగా ఇంటికి పంపడంలో ఒక్క నెల నాగా చేయనివాడు. కొన్నాళ్ల తర్వాత టీ తాగుతూ నాతో అన్నాడు: "భాయ్, అబ్బా నుదురు ముట్టుకుంటే ఐస్‌లా ఉంది. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ చల్లదనమే గుర్తొస్తోంది. అంతకుముందు అబ్బా ఎలా ఉండేవాడో గుర్తు చేసుకోవాలంటే కష్టపడాల్సి వస్తోంది." ఆఖరీ దీదార్ కోసం అతను వచ్చాడు. దాని ఖీమత్ అది.

దీన్ ఏమంటుందో మీకందరికీ తెలుసు. నేను ఆలిమ్‌ని కాను, అఖ్‌బార్‌లో పనిచేసేవాణ్ణి. అయినా జనాజా విషయంలో తొందర చేయమని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం చేసిన తాకీద్ ఏ మదర్సా పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. పోయినవాళ్లు నేకులైతే వాళ్లను మంచి వైపు త్వరగా చేర్చినట్టు, కాకపోతే భుజాల మీది బరువు దించుకున్నట్టు అన్నది దాని మతలబ్. జుమా తర్వాతైతే జనం ఎక్కువ వస్తారని జనాజాను ఆపి ఉంచడాన్ని కూడా మన హనఫీ ఫిఖ్‌హ్ కితాబులు మక్రూహ్ అన్నాయి. వందలమంది దువా కోసమే ఆపకూడదంటే, ఒక్క చూపు కోసం పగలూ రాత్రీ ఆపడం గురించి ఇమామ్ సాబ్‌ని అడిగి తెలుసుకోండి. వలీ దూరంలో ఉంటే నమాజు ఎవరు చదివించాలి, ఇజాజత్ ఎలా తీసుకోవాలి అన్నది కూడా ఇప్పుడే అడగండి. ఇంట్లో ఏడుపులు మొదలయ్యాక అడగడం వేరు, ముందే అడిగి పెట్టుకోవడం వేరు.

ఇదంతా రాయడం తేలిక, ఆ గడపలో నిలబడి చెప్పడం కష్టం అని మీరంటారు. నిజమే. అమ్మీ ఏడుస్తూ "నా బేటా వచ్చేదాకా తీయొద్దు" అంటే కాదనే ధైర్యం ఎవరికుంది? ఇక లోకం మాట. "కన్నకొడుకు గుప్పెడు మట్టి కూడా ఇవ్వలేదు" అని రేపు బిరాదరీలో అంటారు. ఆ ఒక్క మాటకు భయపడి అప్పు చేసి, మూడింతలు పెట్టి టికెట్ కొన్నవాళ్లున్నారు. కూతురి సంగతి ఇంకా నాజూకు. మన దగ్గర ఆడవాళ్లు దఫన్‌కు ఖబరస్తాన్ దాకా వెళ్లరు. కొడుకు ఆలస్యంగా వస్తే ఖబర్ మీద నిలబడి ఫాతెహా చదువుకోగలడు. కూతురికి మాత్రం ఇంట్లో ఉన్నంతసేపే అబ్బా. ఈ దర్ద్‌ను నేను కాదనడం లేదు. ఈ దర్ద్‌కు మందు విమానం దగ్గర లేదంటున్నాను. ఉన్నా, అప్పుడు కాదు.

మన పెద్దవాళ్లు దూరాన్ని కిలోమీటర్లలో కాదు, మంజిల్‌లలో కొలిచేవారు. ఒక రోజు నడక ఒక మంజిల్. ముసాఫిర్ నమాజు కస్ర్ చేయాల్సిన హద్దును కూడా హనఫీ ఫుఖహా మొదట మూడు రోజుల సఫర్ అనే చెప్పారు. దాన్ని 48 మైళ్లు, అంటే దాదాపు 77 కిలోమీటర్లుగా మార్చుకున్నది తర్వాతి ఉలమా. అంటే వాళ్ల దృష్టిలో దూరమంటే మనిషి శరీరం పడే శ్రమ, గడిపే రోజులు. హజ్‌కి బొంబాయి నుంచి జహాజ్ ఎక్కిన రోజుల్లో జెద్దా వారం పైన పట్టే సఫర్. ఆ జహాజ్‌లు 1995లో ఆగిపోయాయి. ఎక్కేముందు ఆ ముసాఫిర్ ఏం చేసేవాడు? అప్పులు తీర్చేవాడు, వసీయత్ రాసేవాడు, ఇంటింటికీ పోయి "కహా సునా మాఫ్ కరో" అని అడిగేవాడు. ఇటు ఇల్లు కూడా అతని మీద ఆశ పెట్టుకోకుండా అల్లాహ్‌కి అప్పగించేది. సముద్రం మీద ఉన్నవాడి కోసం ఏ ఇంట్లోనూ జనాజా ఆగలేదు. ఆ కొడుకులకు తండ్రి మీద ముహబ్బత్ తక్కువా? కాదు. దూరం ఎంతో వాళ్లకు సరిగ్గా తెలుసు, కాబట్టి విదా సరిగ్గా చెప్పుకునేవాళ్లు.

విమానం వచ్చి మన సఫర్‌ను తగ్గించింది, షుక్ర్ చేయాల్సిందే. దాంతో పాటు మన విదాను కూడా తీసేసింది. "ఐదు గంటలేగా, ఎప్పుడైనా రావచ్చు" అనుకున్నవాడు ఎప్పుడూ రాడు. రెండేళ్లకోసారి వస్తాడు. వచ్చినా చెల్లెలి షాదీకి, వలీమాకి, ఇల్లు స్లాబు వేయడానికి వస్తాడు. సౌదీ కార్మిక చట్టంలో ఏడాదికి కనీసం 21 రోజులు, ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు దాటితే 30 రోజులు జీతంతో సెలవు ఉంది. ఆ రోజులన్నీ పెళ్లిళ్ల సీజన్‌కు పోతున్నాయి. షాదీలో ఫొటోలకు నిలబడి, దావత్‌లు తిని, తిరిగి ఎయిర్‌పోర్ట్‌కు. అబ్బాతో తీరిగ్గా కూర్చున్న పూటలు ఎన్ని అని లెక్కేస్తే ఒక చేతి వేళ్లు చాలు.

తప్పు అంతా అక్కడున్నవాళ్లది కాదు, ఇక్కడున్న మనదీ ఉంది. ఇంట్లో పెద్దవాళ్లకు జబ్బు ముదిరితే మనం చేసే మొదటి పని దాన్ని కొడుక్కి చెప్పకుండా దాచడం. "పర్దేస్‌లో ఉన్నాడు, పరేషాన్ అవుతాడు, ఉద్యోగం మీద ధ్యాస పోతుంది" అంటాం. వీడియో కాల్ వస్తే అబ్బాను దిండుకు ఆనించి కూర్చోబెట్టి, టోపీ పెట్టి, వెలుతురు వైపు తిప్పి "బాగానే ఉన్నారు బేటా" అంటాం. డాక్టర్ నెల రోజులన్నా కొడుక్కి షుగర్ కొంచెం ఎక్కువైందని చెబుతాం. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున ఫోన్ చేసి, వెంటనే రమ్మని, వచ్చేదాకా మయ్యత్‌ను ఆపుతాం. బతికున్నప్పుడు రావద్దని ఆపింది మనమే, పోయాక రావాలని ఆపేదీ మనమే. ఇది ఎక్కడి ఇన్సాఫ్?

అయాదత్, అంటే జబ్బుపడ్డవాళ్లను పోయి పలకరించడం, ముసల్మాన్ మీద ముసల్మాన్‌కు ఉన్న హఖ్‌లలో ఒకటి. జనాజా వెంట నడవడమూ ఆ హఖ్‌లలోనే ఉంది, కాదనను. కానీ జనాజా నమాజు ఫర్జె కిఫాయా. మొహల్లా చదివితే అందరి మీద నుంచీ దిగిపోతుంది. అయాదత్ అలా కాదు. కొడుకు బదులు వందమంది వచ్చినా, తలుపు చప్పుడైనప్పుడల్లా అబ్బా చూపు అటే పోతుంది. విమానం ఇవ్వగలిగింది ఒక్కటే, బతికున్న మనిషి దగ్గరికి బతికుండగా చేర్చడం. అందుకే అంటున్నాను, విమానం అయాదత్‌కి ఎక్కండి.

నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలాగే చేశారు. కిడ్నీలు పాడై డయాలసిస్ మీదున్న తండ్రి సంగతి జెద్దాలో ఉన్న కూతురికి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ అమ్మాయి షాదీకి రావాలని దాచుకున్న సెలవును మార్చుకుని, కనెక్టింగ్ చవకైనా వద్దని డైరెక్ట్ టికెట్ తీసుకుని వచ్చింది. పన్నెండు రోజులుంది. తలకు నూనె రాసింది, గోళ్లు తీసింది, ఉప్పు లేని ఖిచిడీ తినిపించి తిట్లు తిన్నది. పోయేముందు ఇద్దరూ ఒకరికొకరు మాఫీ అడిగారు. మూడు నెలలకు ఆయన ఒక రోజు అసర్ తర్వాత ఇంతెఖాల్ అయ్యారు, అదే రాత్రి ఇషా తర్వాత దఫన్. ఆమె రాలేదు. జెద్దా నుంచి మక్కా 80 కిలోమీటర్లు, గంట పైచిలుకు దారి. భర్తతో కలిసి హరమ్‌కి పోయి, తవాఫ్ చేసి, తండ్రికి దువా చేసింది. కర్నూలు నుంచి ఆ దువా కోసం మనం వేలకు వేలు పెట్టి పోతాం. ఆమె అప్పటికే అక్కడుంది. "నువ్వు రాలేదే" అని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. అనడానికి ఏమీ మిగల్లేదు.

ఇక తిరుగు దారి. అక్కడ పనిచేస్తూ మనవాళ్లే పోతే? విమానానికి అదే ఐదు గంటలు. కానీ పెట్టె ఎక్కడానికి ముందు డెత్ సర్టిఫికెట్, ఇండియన్ కాన్సులేట్ ఎన్‌ఓసీ, పాస్‌పోర్ట్ రద్దు, శరీరం చెడకుండా మందులు ఎక్కించడం, కంపెనీ కాగితాలు ఉంటాయి. ప్రమాదమో ఇంకేదో అయితే పోలీసు కాగితాలు కూడా. రోజులతో మొదలై వారాలకు పోతుంది. ఇంట్లోవాళ్లు ఒప్పుకోలు కాగితం పంపితే అక్కడే దఫన్ చేయొచ్చు. మదీనాలో పుట్టిపెరిగిన హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ రజియల్లాహు అన్హు ఖబర్ ఇస్తాంబుల్‌లో ఉంది. సహాబాల్లో చాలామంది ఎక్కడ పోతే అక్కడి మట్టిలోనే నిద్రపోయారు. ఎవరి ఇంటి మజ్బూరీ వాళ్లది, ఎవరి మీదా హుకుమ్ వేయను. అయితే ఇది కూడా ఆ రోజు నిర్ణయించే విషయం కాదు. సెలవుకు వచ్చినప్పుడే అడగాలి: "నాకేమన్నా అయితే ఎక్కడ?" అడగడానికి నోరు రాదు. అడగకపోతే ఆ భారం భార్య మీద పడుతుంది, ఆమెకు అసలే నోరు రాని రోజున.

మా తమ్ముడు జెద్దాలోనే ఉన్నాడు, పధ్నాలుగేళ్లుగా. మా అమ్మీకి డెబ్బై దాటాయి. పోయిన రంజాన్‌లో ఆమే ఈ మాట ఎత్తింది. వీడియో కాల్‌లో మేమందరం ఉండగా మా దఖ్ఖనీలో అన్నది: "మరే బాద్ ఆకో క్యా దేఖ్తె రే? అబ్బీచ్ ఆకో దేఖ్లేవ్." చచ్చాక వచ్చి ఏం చూస్తార్రా, ఇప్పుడే వచ్చి చూసుకోండి అని. నవ్వుతూనే అన్నది కానీ మర్నాడు నన్ను కూర్చోబెట్టి వసీయత్ రాయించింది. తనకోసం ఎవరి ఇంతెజార్ వద్దని, తర్వాతి నమాజుకే తీసుకుపోవాలని, తమ్ముడి వంతు మట్టి కూడా నన్నే ఇవ్వమని. తమ్ముడికి ఫోన్‌లో చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, బక్రీద్‌కి వస్తానన్నాడు. వచ్చాడు, పదిహేను రోజులున్నాడు.

మీ ఇంట్లోనూ జెద్దా, రియాద్, దమ్మామ్, కువైట్, దుబాయ్ ఏదో ఒకటి ఉంటుంది. ఈ జుమా తర్వాత ఒక గంట కూర్చోండి. ఇంటి నుంచి ఇంటికి అసలు ఎన్ని గంటలో కాగితం మీద వేసుకోండి. అక్కడున్నవాళ్ల పాస్‌పోర్ట్, ఇఖామా గడువు ఎప్పటిదాకా ఉందో, ఎగ్జిట్ రీఎంట్రీ ఎవరి చేతిలో ఉందో రాసుకోండి. ఒక టికెట్‌కు సరిపడా పైసలు, షాదీ ఖర్చు కాదు, అయాదత్ ఖర్చు అని పేరుపెట్టి పక్కన పెట్టండి. ఇంట్లో జబ్బుంటే దాచకండి, డాక్టర్ చెప్పింది చెప్పినట్టు అక్కడికి చెప్పండి. ఎంతసేపు ఆగాలి, ఎవరి కోసం ఆగాలి అన్నది పెద్దవాళ్ల నోటితోనే చెప్పించుకోండి. వాళ్లు చెప్పిన మాటను ఆ రోజు ఏ చుట్టమూ కాదనలేడు.

అల్లాహ్ మన పెద్దవాళ్లకు సెహత్‌తో కూడిన లంబీ ఉమ్ర్ ఇవ్వాలి. పర్దేస్‌లో ఉన్న మన పిల్లలను వాళ్లు నడుస్తూ, మాట్లాడుతూ ఉండగానే ఇంటికి చేర్చాలి. ఆమీన్.